నల్లగట్టు కింద ఏడు సముద్రాలు

అనగా అనగా ఒక రాజు. ఆయన పేరు కాచభూపతి. ఏలేది నల్లగట్టు రాజ్యం. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఏయ్, ఆ మూల ఇద్దరూ, గిల్లుకోవడం ఆపి వినండి. మళ్ళీ చెప్పమంటే చెప్పను.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. రాజు కొడుకైనా సరే, చేతులతో చేసే పని ఒకటి ఏడాదిపాటు నేర్చుకోవాలి. పెద్దవాడు గుర్రాలకి లాడాలు కొట్టడం నేర్చుకున్నాడు. నడిపివాడు పడవలు కట్టడం నేర్చుకున్నాడు. చిన్నవాడు గంగన, బావులు తవ్వే ఓబన్న దగ్గర చేరి పలుగూ పారా పట్టాడు. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు గంగన.

ఓబన్న కూతురు సుంకులు మొదటిరోజే అతనికి పని చెప్పింది. "గంగన దొరా, నల్లమట్టి ఒక కుప్ప, ఎర్రమట్టి ఒక కుప్ప, గవ్వలరాయి ఒక కుప్ప. కలపకూడదు. పూడ్చేటప్పుడు ఆఖర్న తీసింది ముందు వెయ్యాలి. నేల ఎలా ఉండేదో అలాగే ఉంచాలి. లేకపోతే పైన గడ్డి కూడా మొలవదు."

"కొండలో గవ్వలెక్కడివి?" అన్నాడు గంగన.

"మా తాతకే తెలీదు, నాకేం తెలుసు? తవ్వండి" అంది ఆ పిల్ల.

ఇలా ఉండగా శీతకేతుడనే మాంత్రికుడొకడు నల్లగట్టు మీదకొచ్చి కాపురం పెట్టాడు. ఒకరోజు కొలువులోకి వచ్చి, "ఈ రాజ్యం నాకిచ్చెయ్" అన్నాడు. ఇవ్వనన్నాడు రాజు. వాడు ఉఫ్ మని ఊదాడు. అంతే, రాజు పాదాలు మంచుగడ్డలైపోయాయి. వాగు గడ్డకట్టింది. చేలు తెల్లబడ్డాయి.

"మొదటి పున్నమికి మోకాళ్ళు, రెండో పున్నమికి నడుము, మూడో పున్నమికి గొంతు" అన్నాడు వాడు. "ఇక ఈ చలి పోదు. నన్ను చంపాలంటే నా చిలకని పట్టాలి. దాన్ని ఎక్కడ దాచానో నాకే తెలుసు."

మాంత్రికుల చిలకలు ఎక్కడుంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏడు సముద్రాల అవతల. పెద్దవాడికీ అదే తెలుసు. పడవెక్కాడు, ఏడు సముద్రాలూ దాటాడు, వెతికాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. రాజుకి మోకాళ్ళ దాకా మంచు. నడిపివాడు ఇంకా పెద్ద పడవెక్కాడు, ఏడు సముద్రాలూ దాటాడు, వెతికాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. రాజుకి నడుము దాకా మంచు.

"నాన్నగారూ, నేను వెళ్తాను" అన్నాడు గంగన.

"వద్దులే నాయనా. నువ్వైనా ఈ నాలుగు రోజులూ నా కళ్ళ ముందుండు" అన్నాడు రాజు. ఆ మాటకి గంగనకి గుండె చెరువైంది. వాగు దగ్గరికి పోయి కూర్చుని ఏడ్చాడు. సుంకులు వచ్చి పక్కన కూర్చుంది.

అప్పుడు మంచు కింద నుంచి ఒక ముసలి తాబేలు తల బయటపెట్టింది. "ఆ మాంత్రికుడు ఈ కొండ దిగి దూరం పోయింది నేనెప్పుడూ చూడలేదు. మీ అన్నలు సముద్రాలకి ఎందుకు పోయారు? ఏడు సముద్రాలూ ఇక్కడే ఉన్నాయిగా" అంది.

"ఎక్కడ తాతా?"

"వాగు కోసిన ఆ గట్టు చూడు."

గంగన తలెత్తి చూశాడు. రోజూ చూసే గట్టే. చారలు చారలుగా, ఒకదాని మీద ఒకటి.

"అట్టడుగు చార మొదటి సముద్రం. అప్పటికి చేపే పుట్టలేదు. అది ఎండిపోయింది. దానిమీద ఇసుక, ఎడారి. దానిమీద గీతలు పడ్డ గుండ్రాళ్ళు చూశావా? అవి మంచు ఈడ్చుకొచ్చినవి. ఈ మాంత్రికుడి మంచు దానిముందు ఎంత? అదీ కరిగిపోయింది. మళ్ళీ సముద్రం, మళ్ళీ అడవి, మళ్ళీ సముద్రం. అలా ఏడుసార్లు. చలీ వచ్చింది, వేడీ వచ్చింది. ఏదీ ఉండిపోలేదు నాయనా."

గంగన లేచి దగ్గరికి వెళ్ళాడు. గట్టు మీద చెయ్యి ఆనించాడు. అతని వేళ్ళ కింద ఒక గవ్వ, దాని పక్కన ఒక ఆకు అచ్చు. ఈ ఆకు మీద కురిసిన వాన ఎప్పటిదో అనుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఏడు సముద్రాల అవతలంటే ఈ చారల అడుగునేనని తెలిసి, చిలకని పాతిన చోటు వెతుకుతూ తాబేలుతో కలిసి ముగ్గురూ గట్టు వెంబడి నడిచారు. మొదటిరోజు చారలన్నీ వరసలోనే ఉన్నాయి. రెండోరోజూ వరసలోనే ఉన్నాయి. మూడోరోజు సుంకులు ఆగిపోయింది. అక్కడ గవ్వలరాయి పైనుంది, నల్లమట్టి అడుగునుంది.

"ఇక్కడెవరో తవ్వి పూడ్చారు" అన్నాడు గంగన.

"పని రానివాడు పూడ్చాడు" అంది సుంకులు. "మొదట తీసి గుంత పక్కనే పోసిన కుప్పని ముందు తోసేశాడు."

తవ్వారు. రోజుకొక సముద్రం చొప్పున ఏడు రోజులు తవ్వారు. లోతుకి పోయేకొద్దీ వెచ్చన. పార మీది మంచు కరిగి కారింది. రాతికి చెవి పెడితే ఎక్కడో లోపల గుడగుడమంటోంది. "ఇంకా చాలా కిందికి పోతే రాయి కూడా పాయసంలా ఉడుకుతుంది" అంది తాబేలు. ఆ వెచ్చటి చోట, రాతిగూట్లో, పచ్చటి చిలక కూర్చునుంది.

మాంత్రికుడు పరుగున వచ్చి గుంత అంచున నిలబడ్డాడు. "దాన్ని అక్కడే ఉంచు. సగం రాజ్యం ఇస్తాను" అన్నాడు.

"మా రాజ్యంలో సగం మాకే ఇస్తాడట" అంది సుంకులు.

చిలక మెల్లగా అంది, "నా మెడ విరవక్కర్లేదు బాబూ. ఏ మార్పూ తగలకుండా నన్నిక్కడ దాచాడు. గాలి తగిలితే చాలు."

గంగన దాన్ని పైకి తెచ్చి ఎగరేశాడు. చిలక ఎగిరింది. మాంత్రికుడు కరిగి నీళ్ళై నేలలో ఇంకిపోయాడు.

అది మూడో పున్నమి. రాజు గొంతు దాకా వచ్చిన మంచు ఛాతీకి దిగింది, నడుముకి దిగింది, పాదాలు వదిలింది. ఆయన కొడుకుని కౌగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత ఆ చోటు చూపించమన్నాడు. వట్టి కాళ్ళతోనే నడిచి వచ్చాడు.

గంగనా సుంకులూ కుప్పలన్నీ వరస తప్పకుండా పూడుస్తున్నారు. రాజు చాలాసేపు ఆ చారలు చూస్తూ నిలబడ్డాడు. "ఇన్ని సముద్రాల మీద కూర్చుని, ఇది నా నేల అనుకున్నానా" అన్నాడు. తర్వాత వంగి, ఆఖరి నల్లమట్టి తట్ట తనే మోసుకొచ్చి పోశాడు.

ఆ నల్లమట్టి మీద గడ్డి మొలిచిన రోజున గంగనకీ సుంకులుకీ పెళ్ళయింది. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. వాళ్ళ కాలమూ ఇప్పుడొక చారై, మన కాళ్ళ కిందే ఎక్కడో ఉంది. లేవండిక, మెల్లగా అడుగెయ్యండి.