మిగిలిన తెల్లరాయి

దర్గా ఉరుసుకు ముందురోజు పొద్దున్నే ముఖీమ్ ముఖం కందగడ్డలా ఉంది.

ఆ దర్గాలో ఒక ఆచారం ఉంది. ఉరుసులో సమాధికి గంధం పూసే నాడు, దాన్ని కడగడానికి నీళ్లు కొండవతలి ఊట నుంచి రావాలి. ముంత భుజాన పెట్టుకుని, ఎక్కడా దించకుండా, పరుగెత్తుకుంటూ తేవాలి. సాయిబులే కాదు, ఊళ్లో అన్ని కులాలవాళ్లూ పరుగెత్తుతారు. ఎందుకు పరుగెత్తుతున్నావని ఇన్నేళ్లలో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఈ ఏడు ముఖీమ్ ఒక్కొక్కర్నీ పిలిచి అడిగాడు. దర్గా పెద్ద లతీఫ్ షా బాబా శిష్యుల్లో అతనే చురుకైనవాడు. ఆ చురుకుదనంతోనే వచ్చింది చిక్కంతా. భక్తితో పరుగెత్తేవాడికి తెల్లరాయి, పేరు కోసం పరుగెత్తేవాడికి ఎర్రరాయి, ఉరుసు విందు కోసం పరుగెత్తేవాడికి నల్లరాయి అన్నాడు. తెల్లరాయి దక్కినవాళ్లకే ముంత. ఒకడి గుండెలోకి తొంగిచూసి రంగు వేసే హక్కు ఇతనికి ఎవరిచ్చారో ఆ దేవుడికే తెలియాలి! జనం మాత్రం తెలివైనవాళ్లు. ఏ మాటకు ఏ రాయి వస్తుందో మొదటివాడు రాయితో తిరిగి రాగానే అందరికీ తెలిసిపోయింది. వరసపెట్టి అందరూ భక్తులైపోయారు.

పత్తి మిల్లులో మూటలు మోసే ఓబులేసు ఒక్కడే ఉన్నమాట చెప్పాడు.

"ముంత తెస్తే మైకులో నా పేరు పిలుస్తారు సామీ. దండేస్తారు. తక్కిన దినాల్లో నన్ను పేరుపెట్టి పిలిచేదెవురు? ఒరే అంటారు, మూటలోడా అంటారు."

ముఖీమ్ అతని చేతిలో ఎర్రరాయి పెట్టి, అందరి ఎదుటా గుమ్మం చూపించాడు. ఏటా పరుగెత్తిన మనిషి! ఓబులేసు వెళ్లి గేటు బయట చెప్పుల మధ్య కూర్చున్నాడు.

సంగతి బాబా చెవిన పడింది. "ఓబులేసుకు ముంత ఇవ్వు బిడ్డా," అన్నాడు.

ముఖీమ్ భగ్గుమన్నాడు. "పేరు కోసం తెచ్చిన నీళ్లతో ఆ మహనీయుడి సమాధి కడుగుతారా బాబా? ఇంత అన్యాయమా? వాడు లోపలికొస్తే నేను బయటికి పోతాను!"

బాబా కోప్పడలేదు. లోపలికి వెళ్లి ఒక ముంత తెచ్చి అతనికిచ్చాడు.

"నాకు ఊటనీళ్లు తాగాలనుంది. పరుగెత్తి తీసుకురా. మూడు రంగుల రాళ్లూ ఒక్కోటి రుమాల్లో కట్టుకుపో. దారిలో నీ కాళ్లను ఏది నడిపిస్తే ఆ రాయి అక్కడ పడెయ్యి."

ముఖీమ్ విసురుగా ఉరికాడు. ఊట దాకా కోపమే లాక్కుపోయింది. రాయి వేద్దామని రుమాల్లో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. కోపానికి ఏ రంగూ పెట్టుకోలేదు.

ముంత నింపుకుని మళ్లీ కొండెక్కుతుంటే పిక్కలు పట్టేశాయి. నాలుక పిడచకట్టింది. దర్గా వంటింట్లో చల్లటి మజ్జిగ ఉంటుందన్న తలపు ఒక్కటే అతన్ని కొండ దించింది. పళ్లు కొరుక్కుంటూ నల్లరాయి పడేశాడు.

ఊరి మొదట్లో కాళ్లు ఇక రామన్నాయి. ముంత దించబోయాడు. ఉరుసు అంగళ్లు వేస్తున్నవాళ్లలో ఎవరో చూశారు.

"ఒరేయ్, మన ముఖీమ్ సాబు! ముంతతో ఉరుకుతాండాడు సూడండ్రా! సెబాష్ ముఖీమ్ సాబ్!"

గాజులంగడి నుంచి అదే పేరు, మిఠాయంగడి నుంచి అదే పేరు. ఎక్కడలేని సత్తువా కాళ్లలోకొచ్చింది. నడుము నిటారైంది. గేటు దాకా అదే ఊపు.

గేటు దగ్గర ఓబులేసు లేచి, చెప్పులు పక్కకు జరిపి దారిచ్చాడు. ముఖీమ్ అతని ముఖంలోకి చూడలేకపోయాడు. ఎర్రరాయి తీసి అక్కడే వదిలేశాడు.

బాబా ముంతెత్తి గటగటా తాగాడు. గడ్డం తుడుచుకున్నాడు.

"రుమాలు?" అన్నాడు.

ముఖీమ్ విప్పాడు. తెల్లరాయి కట్టింది కట్టినట్టే ఉంది. సిగ్గుతో అతని తల వాలిపోయింది.

బాబా దాని వైపు చూడను కూడా లేదు. "నీళ్లు చల్లగా ఉన్నాయి బిడ్డా," అన్నాడు.

ముఖీమ్ ఇంకో ముంత తీసుకుని గేటు దాకా నడిచాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర కూర్చున్న మనిషిని, అంగళ్లన్నిటికీ వినబడేలా గొంతెత్తి పిలిచాడు.

"ఓబులేసన్నా!"