కన్సోల్ లైను ఎవరు తెంచారు?

విజయనగరం వైపు ఒక చక్కెర మిల్లులో దాలినాయుడు అనే కంప్యూటర్ ఆఫీసరు ఉండేవాడు. పనిమంతుడే గాని, ఏ లోపం వచ్చినా అది తన చేతి మీదుగా జరిగి ఉంటుందని మాత్రం ఎన్నడూ అనుకునేవాడు కాదు.

ఆయన గదిలో బీరువా అంత కంప్యూటర్ ఒకటి ఉండేది. కాటా మీద చెరుకు ట్రాక్టరు ఆగగానే తూకం చీటీ అచ్చయ్యేది దాని నుంచే. కాని దానికి సొంతంగా తెరా లేదు, కీబోర్డూ లేదు. పక్కన బల్ల మీద ఉన్న మామూలు పీసీ నుంచి దానికి పని చెప్పాలి. ఆ పీసీని అందరూ కన్సోల్ అనేవారు. పెద్ద కంప్యూటర్‌కు ఏ సందేహం వచ్చినా కన్సోల్‌లో అడిగేది. జవాబు రాకపోతే అలిగిన పిల్లలా ఉన్నచోటే కూర్చునేది. అది కూర్చుంటే చీటీలూ ఆగిపోయేవి.

ఆ ఏడాది సీజను మంచి జోరు మీద ఉండగా కన్సోల్‌ను పెద్ద కంప్యూటర్‌తో కలిపే లైను మాటిమాటికీ తెగిపోవడం మొదలైంది. ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరేవి. రైతులు కాటా గుమాస్తా సువర్చల మీద విరుచుకుపడేవారు. ఆమె పాపం చీటీలు చేత్తో రాసుకుంటూ మాటలు పడేది. చిత్రమేమిటంటే, దాలినాయుడు వచ్చి కన్సోల్ ముందు కూర్చుని నాలుగు మీటలు నొక్కాడంటే లైను బుద్ధిగా కలిసేది. ఆయన కూర్చున్నంతసేపూ మళ్లీ తెగేది కాదు.

"చూశారా? నేనంటే దానికి భయం," అని ఆయన మీసం సవరించుకునేవాడు.

"అయితే మీరు టీకి వెళ్లకండి సార్," అంది సువర్చల ఒకసారి.

అందరూ నవ్వారు. దాలినాయుడు నవ్వలేదు.

మొదట కరెంటు బాగోలేదన్నాడు. కొత్త యూపీఎస్ తెప్పించాడు. లైను తెగింది. తర్వాత గదిలో వేడి ఎక్కువన్నాడు. రెండో ఏసీ పెట్టించాడు. సువర్చల ఏదో పని మీద ఆ గదిలోకి వస్తే పళ్లు టకటకలాడేవి. లైను మాత్రం అలాగే తెగింది. ఇక మిగిలింది వైరు. ఆ వైరు వేసింది అప్పలస్వామి.

అప్పలస్వామి మిల్లులో కాంట్రాక్టు మీద వైర్లు వేసే మనిషి. ఆయన వేసిన ఆ వైరు అయిదేళ్లుగా చెక్కుచెదరలేదు. దాలినాయుడు దాన్ని వంగి చూడను కూడా లేదు. కుర్చీలోంచి కదలకుండానే మేనేజరు పట్నాయక్ గారికి కాగితం రాశాడు. వైరు కొనలు సరిగా బిగించలేదు, పనితనం నాసిరకం, ఈ మనిషిని మార్చాలి అని అందులో ఉంది. సోమవారం నుంచి అప్పలస్వామి పనిలోకి రానక్కర్లేదని మేనేజరు గురువారం చెప్పారు. శనివారం వేరే మనిషి వచ్చి కొత్త వైరు వేయాలని కూడా ఏర్పాటైంది.

శుక్రవారం మధ్యాహ్నం సువర్చల ఒక నోటు పుస్తకం పట్టుకుని వచ్చింది.

"చీటీలు ఆగినప్పుడల్లా టైము రాసుకున్నాను సార్. మీరు టీకి వెళ్లిన పావుగంటకి ఒకసారి తెగుతోంది. భోజనానికి వెళ్లిన పావుగంటకి ఒకసారి. రోజూ ఇంతే. వైరు పాడైతే ఇలా గడియారం చూసుకుని తెగుతుందా?"

దాలినాయుడికి అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట మిల్లులో కరెంటు పొదుపు వారం జరిగింది. పావుగంట సేపు ఎవరూ ముట్టుకోని ప్రతి కంప్యూటరూ దానంతటదే నిద్రపోవాలని ఆర్డరు వచ్చింది. గది గదికీ తిరిగి ఆ ఏర్పాటు చేసింది ఆయనే. ఆ ఊపులో కన్సోల్‌ను కూడా వదల్లేదు. కన్సోల్ నిద్రపోతే లైను తెగుతుంది. మీట నొక్కితే లేస్తుంది. అందులో భయమూ లేదు, భక్తీ లేదు.

"సరేనమ్మా, నేను చూస్తాలే," అని ఆమెను పంపేశాడు. తలుపు వేసుకుని ఆ ఏర్పాటు తీసేశాడు. బయటికి వెళ్లి కావాలనే గంట సేపు కూర్చున్నాడు. లైను తెగలేదు.

అప్పుడే వెళ్లి చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని ఆయన చెప్పలేదు. శనివారం కొత్త వైరు పడింది. చీటీలు చకచకా వచ్చాయి. అంతా వైరు మహిమే అనుకున్నారు. తన పుస్తకంలో ఏదో పొరపాటు పడిందనుకుని సువర్చల కూడా ఊరుకుంది. "మొత్తానికి లోపం పట్టావయ్యా," అని మేనేజరు భుజం తట్టారు. దాలినాయుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

సాయంత్రం అప్పలస్వామి గేటు పాసు అప్పగించడానికి ఆ గదికే వచ్చాడు. పాసు బల్ల మీద పెట్టాడు. వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఒక్క మాట అడగతాను బాబూ, కోపం సెయ్యకండి. నా వైరులో ఏటి తప్పుందో సెప్పండి. రేపు ఇంకో సోట పని దొరికితే ఆ తప్పు మళ్లీ సెయ్యకుండా ఉంటాను గదా."

ఆ మనిషి అరిచి ఉంటే దాలినాయుడు తనూ అరిచేవాడు. తిట్టి ఉంటే తలుపు చూపించేవాడు. కాని అప్పలస్వామి నేర్చుకోవడానికి అడిగాడు. లేని తప్పును ఏమని చూపించాలి? దాలినాయుడికి తల కొట్టేసినట్టయింది. లేచి అప్పలస్వామి చెయ్యి పట్టుకుని తిన్నగా మేనేజరు గదికి తీసుకువెళ్లాడు.

"సార్, ఆ వైరులో ఏ లోపమూ లేదు. కన్సోల్‌ను పావుగంటకోసారి నిద్రపుచ్చింది నేను. నిన్ననే తెలిసింది. తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

పట్నాయక్ గారు సొరుగులోంచి దాలినాయుడు రాసిన కాగితం తీశారు. దాన్ని నాలుగు ముక్కలు చేశారు. "ఈ మాట నాకు కాదు, కాటా దగ్గర అందరి ముందూ చెప్పు," అన్నారు. "ఇతని పాసు ఇతనికిచ్చి, ఆ పాత వైరే మళ్లీ వేయించు."

దాలినాయుడు కాటా దగ్గర, ట్రాక్టర్ల మధ్య, చెమటలు కక్కుతూ ఆ మాట చెప్పాడు. సువర్చలకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. రైతుల్లో ఒకరిద్దరు గట్టిగానే నవ్వారు. ఆయన తల వంచుకుని ఆ నవ్వులు భరించాడు.

అప్పలస్వామి తన వైరును తనే మళ్లీ బిగించాడు. సీజను ముగిసేదాకా లైను ఒక్కసారి కూడా తెగలేదు. ఆ రోజు వైరు బిగించడం అయ్యాక దాలినాయుడు, "నన్ను క్షమించు స్వామీ," అన్నాడు. అప్పలస్వామి పొంగిపోలేదు, దెప్పనూ లేదు.

"మూడు దినాలు మా ఇంట్లో ఎవలికీ ముద్ద దిగనేదు బాబూ," అని మాత్రం అని, సామాను సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

నీతి: లోపం వెతికేటప్పుడు ముందు మన చేతి పనిని చూసుకోవాలి, అది మనదేనని తెలిశాక ఒక్క పూట కూడా ఇంకొకరి నెత్తిన ఉండనివ్వకూడదు.