లక్క చెవుల గంగాళం

అనగనగా ఒక ఊళ్ళో పేరిందేవి అని నేతవాళ్ళ కోడలు ఉండేదర్రా. ఊ కొట్టండి మరి, లేకపోతే నేను చెప్పను. నూలుకు గంజి కాయాలని పాత్రలమ్మే గవర్రాజు కొట్లో పెద్ద ఇత్తడి గంగాళం కొంది. ఆ రాజ్యంలో ఆచారం ఏమిటంటే, కొనేవాళ్ళు పాత్రని వేలితో కొట్టి చూడాలి. ఖంగుమందా, బేరం అయిపోయినట్టే. ఇక అమ్మినవాడికి పూచీ లేదు. ఈమె కొట్టింది, ఖంగుమంది, తెచ్చుకుంది.

గంజి కుతకుతా ఉడికాక చెవులు పట్టుకుని దింపబోతే, ఒక చెవి ఊడి చేతికొచ్చింది. మరిగే గంజంతా పాదాల మీద పడింది. ఇక మగ్గం గుంటలో కూర్చుని తొక్కేదెలా? మొగుడికి చూపు ఆనదు, ఆ ఇంట్లో నేసేది ఆవిడొక్కతే. అత్తగారేమో చూసి పట్టుకోవద్దూ అని ఆమె మీదే విరుచుకుపడింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాళ్ళు కాలింది ఆవిడకి, తిట్లూ ఆవిడకేనా?

తీరా చూస్తే, మేకులు దిగ్గొట్టాల్సిన చోట లక్కతో అతికించి పైన మెరుగు పెట్టారు. వేడి తగిలితే లక్క కరగదూ? వేలితో ఎంత కొట్టినా అది తెలుస్తుందా?

పేరిందేవి బండెక్కి రాజుగారి దగ్గరికి పోయింది. గవర్రాజు నేను చెయ్యలేదు, కంచరివాడు చేశాడన్నాడు. కంచరివాడు నాదేముంది, లక్క లక్కవాడు తెచ్చాడన్నాడు. లక్కవాడు నన్నంటారేం, లక్క చేసేది చెట్టుమీది పురుగన్నాడు. ఊ కొడుతున్నారా? సిగ్గులేని వెధవలు, ఆఖరికి పురుగు మీదికి తోశారు. పైగా మోగించి కొనలేదా అని గవర్రాజు మీసం దువ్వాడు.

పేరిందేవికి కోపం ముంచుకొచ్చింది, అయినా గొంతు పెంచలేదు. నేను కొన్నది ఈయన దగ్గర, నాకు జవాబు ఈయనే చెప్పాలి, వెనకవాళ్ళని ఈయన పట్టుకుంటాడో మానుతాడో నాకెందుకంది. ఈయన కొట్లోదే ఇంకో గంగాళం తెప్పించి, గంజి మరిగించి, ఈయన్నే దింపమనండి అంది.

తెప్పించారు. మరిగించారు. రాజు దింపమంటే గవర్రాజు చేతులు వెనక్కి కట్టుకుని ఒక అడుగు వెనక్కి. మళ్ళీ దింపమంటే ఇంకో అడుగు వెనక్కి.

రాజుకి మండిపోయింది. నీకు తెలిసిన సంగతి ఆమెకెందుకు చెప్పలేదురా అన్నాడు. ఆమె మళ్ళీ మగ్గం తొక్కేదాకా వైద్యమూ, ఇంటిల్లిపాదికీ తిండీ నీ మీదే అన్నాడు. మోగినా సరే, లోపల లోపముంటే అమ్మినవాడిదే పూచీ అని ఊరూరా చాటింపు వేయించాడు. గవర్రాజు చచ్చినట్టు పెట్టాడు. పేరిందేవి పాదాలు మానాయి, ఇల్లంతా చల్లగా ఉంది.

ఎవరికైనా దెబ్బ తగిలితే, ముందు వాళ్ళని తిట్టకండర్రా. తగిలించిందెవరో చూడండి. సరే, కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లు కప్పుకోండి.