రేవు వీధి తప్పు

ఏటి నడుమ ఒక లంక ఉండేది. దాన్ని ఏరు తినేసింది. ఒక్క గుటకలో కాదు. వరద వచ్చినప్పుడల్లా ఒక వీధి చొప్పున, తీరిగ్గా కూర్చుని తిన్నది.

లంకవాళ్ళు సామాన్లు నెత్తిన పెట్టుకుని గట్టు ఊరికి చేరారు. గట్టు ఊరివాళ్ళు మంచివాళ్ళు. పాకలు వేసుకోవడానికి చోటిచ్చారు, ఇచ్చిన సంగతి ప్రతి పండక్కీ గుర్తుచేశారు. కొన్నేళ్ళు గడిచేసరికి లంకవాళ్ళ పిల్లలు గట్టు బడిలో చదివారు, గట్టు సంతలో కూరలు కొన్నారు, గట్టువాళ్ళంత నున్నగా అబద్ధాలాడటం కూడా నేర్చుకున్నారు. లంక అనేది ఒకటి ఉండేదని చెప్పడానికి మిగిలింది ఒక్కటే. ఫుట్‌బాల్.

లంకలో పదకొండు వీధులుండేవి. జట్టులోకి వీధికొక మనిషి. మైదానంలో ఎవరినీ పేరుపెట్టి పిలిచేవారు కాదు, వీధి పేరుతోనే పిలిచేవారు.

"దిబ్బ వీధీ, ఎడం పక్క చూసుకో."

"తాళ్ళ వీధీ, పక్కేసుకుని పడుకోరాదా?"

వీధులు నీళ్ళ కిందికి పోయినా ఆ పిలుపులు పోలేదు. తాళ్ళ వీధి గోలు కొడితే, ఆ వీధి నుంచి వచ్చిన మంగలి ఆ రోజంతా ఊరికే గడ్డాలు గీసేవాడు. తాళ్ళ వీధి గోలు తప్పితే మాత్రం ఆ వారం అతని కత్తి కింద మెడ పెట్టడానికి గట్టు ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

రేవు వీధి లంకకి ముందువైపు ఉండేది. అందుకని ఏరు మొదట దాన్నే తిన్నది. ఆ వీధివాళ్ళు తలో దిక్కుకీ పోగా, గట్టు మీద మిగిలింది ఒక్క మామ్మ. గోలు కాయడం ఆ వీధి వంతు. కాయడానికి మనిషి లేడు. ఇసుక వీధి నుంచి రెండోవాణ్ణి తెచ్చి అక్కడ నిలబెట్టారు. రేవు వీధి అన్న మాట మైదానంలో వినబడి చాలా ఏళ్ళయింది. మామ్మ ప్రతి ఆటకీ వచ్చేది. గీత పక్కన కూర్చుని, చుట్టాల పెళ్ళిలో పిలవని మనిషిలా నోరు మెదపకుండా చూసి వెళ్ళేది.

ఆ ఏడు గట్టు ఊరి పెద్దమనిషి ఒక మాట అన్నాడు. ఆయన దయగల మనిషి, చుట్టూ పదిమంది ఉన్నప్పుడు మరీను.

"లేని ఊరికి జట్టేంటర్రా? ఈసారి మా చేతిలో ఓడితే మా జట్టులో కలిసిపోండి. ఇక లంక పేరెత్తకండి. అందరికీ బూట్లు నేనే కొనిపెడతాను."

లంక జట్టుని నడిపేది పడవ సరంగు. అతను మీసం మీద చెయ్యేసి సరేనన్నాడు. ఇంటికెళ్ళాక భార్య "ఓడితేనో?" అంటే, అన్నం చల్లారిపోయిందని విసుక్కున్నాడు.

మామ్మ అతని గుమ్మంలోకి వచ్చింది.

"ఇదే ఆఖరి ఆట కావచ్చు. ఒక్కసారి రేవు వీధిని నిలబెట్టు, నాయనా."

"ఎవర్ని నిలబెట్టమంటావు మామ్మా, నిన్నా?"

"మీ వీధివాళ్ళు కొట్టే బంతులైతే నేను కూర్చునే ఆపుతాను. గట్టువాళ్ళవి కదా. మనిషిని తెస్తాలే."

ఇటుక బట్టీ నుంచి ఒకణ్ణి తెచ్చింది. పనికోసం ఎక్కణ్ణించో వచ్చినవాడు. ఏ ఊరని అడిగితే తను పనిచేసిన బట్టీల పేర్లు చెప్పేవాడు. లారీ మీద నిలబడి, కింద నుంచి విసిరే ఇటుకల్ని జంటలు జంటలుగా పట్టేవాడు. ఆ చేతుల్ని చూసే మామ్మ అతన్ని ఎంచుకుంది.

రోజూ అన్నం పెట్టి, వీధి మొత్తం చెప్పింది.

"రేవు దిగగానే మొదటి ఇల్లు వలలు అల్లేవాళ్ళది. వాళ్ళకి నోరెక్కువ. ఆ పక్కది నాది. ఎదురింటి వాళ్ళు ఉప్పు అడిగి తీసుకెళ్తారు, తిరిగి ఇవ్వరు."

"ఇవన్నీ నాకెందుకు మామ్మా? బంతి ఆపితే చాలదా?"

"నిన్ను వీధి పేరుతో పిలుస్తారు. పిలిస్తే పలకాలి. ఎవర్నో పిలిచినట్టు నిలబడకూడదు."

అన్నం తింటుండగా "రేవు వీధీ" అని పిలిచేది. మొదట్లో అతను పక్కన ఎవరున్నారా అని చూసేవాడు. పోనుపోను తల ఎత్తేవాడు. చివరికి నోటి దగ్గర ముద్ద ఆపి "ఆఁ, మామ్మా" అనేవాడు. ఎదురింటివాళ్ళ ఉప్పు సంగతి తలచుకుని అతనికి కూడా కోపం వచ్చేది.

ఆట రోజు లంకవాళ్ళు మొదట అతన్ని "బట్టీ ఆయనా" అన్నారు. గట్టువాళ్ళు కొట్టిన బంతిని అతను గాల్లోనే పట్టాడు. ఇంకొకటి పట్టాడు. ఎవరో "సెబాసు, రేవు వీధీ" అన్నారు. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి అంటుకుంది. గీత పొడుగునా అదే పిలుపు. మామ్మ లేచి నిలబడింది.

ఆట ముగిసే వేళకి ఇద్దరికీ గోలు లేదు. గట్టు జట్టు బంతి తీసుకుని మళ్ళీ ఇటు వస్తోంది. అన్నేళ్ళూ నోరు మెదపని మామ్మ అప్పుడు నోరు తెరిచింది. సందెవేళ మనిషిని ఇంటికి పిలిచినట్టు పిలిచింది.

"రేవు వీధీ."

అతను ఆమె వైపు తిరిగి "ఆఁ, మామ్మా" అన్నాడు.

బంతి రెండో వైపు నుంచి లోపలికి వెళ్ళిపోయింది.

లంక ఓడింది. పెద్దమనిషి కండువా సర్దుకుని బల్ల ఎక్కాడు. "ఇక మనమంతా ఒకటే" అన్నాడు. వినేవాళ్ళు లేరు. లంకవాళ్ళంతా మామ్మ చుట్టూ ఉన్నారు.

"రేవు వీధివాళ్ళు ఎప్పుడూ ఇంతే," అన్నాడు మంగలి. "ఆటే కాదు, పెళ్ళిళ్ళలోనూ అంతే. పని ఉన్నప్పుడు పక్క చూపులు."

"మీరు ముందు కూలబట్టే కదా ఏరు మా దాకా వచ్చింది," అంది దిబ్బ వీధి ఆవిడ.

"ఏం, మీ దిబ్బ వీధి నిలబడి ఆపిందా?" అన్నాడు సరంగు.

దాంతో ఆ ఇద్దరికీ జగడం పడింది. గట్టు మీద పుట్టి, లంకని కంటితో చూడని పిల్లలు కూడా తలో వీధి తరఫునా దిగారు.

పెద్దమనిషి మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. చివరికి బల్ల పక్కనున్న మనిషిని అడిగాడు.

"దేని గురించిరా, ఆ గొడవ?"

"వీధి గురించండీ."

"ఏ వీధి?"

"అది ఇప్పుడు లేదండీ."

ఆయన బల్ల దిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

బట్టీ మనిషి తల దించుకుని మామ్మ పక్కకి వచ్చాడు.

"తప్పు నాది మామ్మా. నీ వీధిని అనొద్దని వాళ్ళకి చెబుతాను."

మామ్మ అతని ముంజేయి పట్టి పక్కన కూర్చోబెట్టింది.

"నువ్వూరుకో. తిట్టనీ," అంది.

ఆమె కళ్ళు మూసుకుని, ఒక్క తిట్టయినా జారిపోకుండా వింటోంది.