మొగుడి కోసం పడవెక్కిన ఒనీలియా

అనగనగనగా, ఏడు సముద్రాల అవతల, చెరకు తోటల మధ్య ఒక ఊరు ఉండేది. అది క్యూబా అనే దీవిలో ఉంది తల్లీ. వాళ్ళూ మనలాగే అన్నం తింటారు, అరటికాయలు వేయించుకుంటారు, జామపళ్ళు ఉడికించి హల్వాలాంటిది చేసుకుంటారు.

ఆ ఊళ్ళో ఒనీలియా అని ఒకావిడ ఉండేది. పొట్టిగా, సన్నగా ఉండేది కానీ, ఒక మాట అనుకుందంటే ఇక ఎవరూ కదపలేకపోయేవారు. ఆవిడ మొగుడి పేరు ఎవేలియో, పశువుల డాక్టరు. వాళ్ళకి నెరేదా అని ఒక చిన్న పాప.

కొన్నాళ్ళకి ఆ దీవిలో రోజులు మారిపోయాయి. నోరు విప్పి మాట్లాడాలంటే భయం. అప్పుడు మొగుడూ పెళ్ళామూ ఆలోచించుకుని, అమెరికా వెళ్ళిపోదామనుకున్నారు. అయితే పైవాళ్ళు ఒప్పుకోలేదు. "తల్లీ పిల్లా వెళ్ళొచ్చు. డాక్టర్ని మాత్రం వదలం" అన్నారు.

"నువ్వు పాపని తీసుకెళ్ళు. వెనకాలే వచ్చేస్తా" అన్నాడు ఎవేలియో.

"రాకపోతే?"

"వస్తానన్నానుగా!"

"రాకపోతే నేనే వచ్చి తీసుకెళ్తా" అంది ఒనీలియా.

ఆ తర్వాత పాపని చంకనేసుకుని విమానం ఎక్కి, మయామీ అనే ఊళ్ళో దిగింది. అక్కడి భాష రాదు. ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. వేడి నీళ్ళకి చేతులు పొక్కిపోయేవి. అయినా పని మానలేదు. ఉతుకుతూ ఉతుకుతూనే పక్కవాళ్ళని అడిగి ఒక్కో మాటా నేర్చుకుంది.

ఏళ్ళు గడిచాయి. నెరేదా తల్లి భుజం దాటి ఎదిగింది. ఎవేలియో మాత్రం రాలేదు. "ఇంకా ఎన్నాళ్ళు చూస్తావు? ఇంకో పెళ్ళి చేసుకోరాదూ" అనేవారు తోటి ఆడవాళ్ళు.

"నాకు మొగుడున్నాడు. మధ్యలో నీళ్ళున్నాయి, అంతే" అనేది ఒనీలియా.

ఒక వేసవిలో కబురొచ్చింది. ఆ దీవిలో ఒక రేవు తెరిచారట. ఎవరి మనుషుల్ని వాళ్ళు పడవల మీద తెచ్చుకోవచ్చట. వెంటనే ఒనీలియా కూతుర్ని పక్కింటావిడకి అప్పగించి, సముద్రం ఒడ్డుకి పరిగెత్తింది.

మొదటి పడవాయన, "ఆడవాళ్ళని ఎక్కించుకోను" అన్నాడు. రెండో ఆయన, "ఈత వచ్చా?" అని అడిగాడు. రాదంది. నవ్వి మొహం తిప్పుకున్నాడు. మూడో ఆయన ఎరాస్మో, రొయ్యలు పట్టే ముసలాయన.

"వంట వచ్చా?" అన్నాడు.

"వచ్చు."

"అలలకి వాంతులవుతాయి."

"అయితే అవనీ."

అప్పుడు పడవ బయల్దేరింది. దారి పొడుగునా ఒనీలియాకి కడుపులో పేగులు బయటికొచ్చినంత పనైంది. అయినా కొంగు బిగించినట్టు గౌను బిగించి కూచుంది. చివరికి ఆ రేవు చేరారు.

అక్కడి అధికారికి ఎవేలియో పేరు చెప్పింది. మొదటి రోజు, "రేపు చూద్దాం" అన్నాడు. రెండో రోజు, "అలాంటి మనిషి లేడు" అన్నాడు. మూడో రోజు, ముక్కూ మొహం తెలియని మనుషుల్ని తెచ్చి పడవ నింపేశాడు. కాళ్ళకి చెప్పులైనా లేని ఒక ముసలమ్మ, చంటిపిల్లతో ఒక తల్లి, తలకి కట్టు కట్టుకున్న ఒక మనిషి, ఇంకా ఎవరెవరో.

"నా మనిషేడీ? ఆయన వస్తేగానీ కదలం" అంది ఒనీలియా.

"సరే కదలకండి. వీళ్ళనీ దింపేస్తా" అన్నాడు అధికారి.

అప్పుడు ఆ చంటిపిల్ల తల్లి ఒనీలియా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మమ్మల్ని దింపనీకు" అంది.

 ఒనీలియా ఒడ్డు వైపు చూసింది, ఆ తల్లి ఒళ్ళో పిల్ల వైపు చూసింది. "ఎరాస్మో, ఇంజను వెయ్యి" అంది. పడవ కదులుతుంటే లేచి నిలబడి, "మళ్ళీ వస్తా! ఎవేలియో అన్న పేరు గుర్తుపెట్టుకో!" అని ఒడ్డు మీది అధికారికేసి అరిచింది.

దారిలో పడవలోకి నీళ్ళొచ్చాయి. అన్నం వండిన గిన్నెతోనే ఆవిడ నీళ్ళు తోడిపోసింది. అందరూ క్షేమంగా మయామీ చేరారు. దిక్కులేనివాళ్ళని తన ఇంటికే తీసుకెళ్ళి ఇంత అన్నం పెట్టింది.

ఆ తర్వాత రోజూ మయామీ రేవుకి వెళ్ళి, మళ్ళీ ఎప్పుడు బయల్దేరదామని ఎరాస్మోని అడిగేది. ఒకనాడు ఇంకెవరిదో పడవ వచ్చి ఆగింది. దాని మీద ఒకావిడ తల పట్టుకుని ఏడుస్తోంది. తమ్ముడి కోసం వెళ్తే ఆవిడకీ పరాయివాళ్ళనే ఎక్కించి పంపారట. ఆ పరాయివాళ్ళలోంచి జుట్టు నెరిసిన ఒక మనిషి, "ఒనీలియా!" అని పిలిచాడు.

ఎవేలియోనే తల్లీ! ఇద్దరూ ఒకళ్ళని ఒకళ్ళు పట్టుకుని, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియకుండా అలా ఉండిపోయారు.

తర్వాత ఒనీలియా కళ్ళు తుడుచుకుని, ఆ ఏడుస్తున్నావిడ దగ్గరికి వెళ్ళింది. "మీ తమ్ముడి పేరేంటమ్మా?" అని అడిగింది. ఆవిడ చెప్పింది. ఒనీలియా నేరుగా ఎరాస్మో దగ్గరికి నడిచింది.

"నేను వచ్చేశానుగా! ఇంకెక్కడికి?" అన్నాడు ఎవేలియో.

"ఈవిడ తమ్ముడు రాలేదు" అంది.

ఆ తమ్ముడు వచ్చాడా అంటావా? మొదటిసారి వెళ్తే రాలేదు. ఇంకోసారి వెళ్ళింది, అప్పుడు వచ్చాడు.

చాలా ఏళ్ళకి నెరేదాకి మారిసెల్ అని కూతురు పుట్టింది. వాళ్ళ భాషలో అమ్మమ్మని అబువేలా అంటారు. మారిసెల్ ఒకసారి, "అబువేలా, ఈత రాదుగా, అన్నిసార్లు సముద్రం మీద వెళ్ళావు, భయం వెయ్యలేదా?" అని అడిగింది.

"ఎందుకు వెయ్యదూ? వెళ్ళిన ప్రతిసారీ వేసింది. భయంతోనే వెళ్ళా" అంది ఒనీలియా.

ఇప్పుడు ఆవిడ లేదు. మారిసెల్ మాత్రం తన పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు ఆ మాట చెబుతూనే ఉంది.

కథేమో కంచికెళ్ళింది,
మనకేమో ఇల్లొచ్చింది,
చిట్టితల్లి కంటికి నిద్దరొచ్చింది.