జంభయ్య బంటును తినని ఉడుము

అనగనగా ఒక అడవిలో, రాళ్లగుట్ట అడుగున, నడి ఎండాకాలంలోనూ ఎండిపోని మడుగు ఒకటి ఉండేదర్రా. వాగులన్నీ ఇంకిపోయాక అడవికంతటికీ అదొక్కటే దిక్కు. ఆ మడుగును జంభయ్య అనే దుమ్ములగొండి తనదేనంటూ పట్టుకుని కూర్చున్నాడు.

పొద్దున్నే జంభయ్యా వాడి చుట్టాలూ కడుపునిండా తాగేవాళ్లు. తాగి ఊరుకోక నీళ్లలో దిగి పొర్లేవాళ్లు. వాళ్లు లేచి వెళ్లాక ఆ బురదనీళ్లు మిగతా అందరికీ. ఒక వేసవిలో వరుసలో నిలబడీ నిలబడీ ఒక జింకపిల్ల ఒడ్డునే కూలిపోయింది. మళ్లీ లేవలేదు.

ఎవరైనా న్యాయం అడిగితే జంభయ్య చదరంగం పలక చూపించేవాడు. తనను గెలిచినవాళ్లకు మడుగు వదిలేస్తాననేవాడు. ఓడినవాళ్లు మాత్రం ఏడాదంతా తన గుహ ఊడ్చి, కొరికి పారేసిన ఎముకలు ఎత్తిపోయాలి. వేసవికి ఒక్కటే ఆట. తెల్లపావులు ఎప్పుడూ వాడివే.

మొదటి ఏడు అడవిపంది ఆడింది. రెండో ఏడు కొండముచ్చు ఆడింది. మూడో ఏడు సూదమ్మ అనే ముళ్లపంది ఆడింది. ముగ్గురితోనూ జంభయ్య ఒకటే పని చేశాడు. రెండో ఎత్తులోనే తన బంటునొకదాన్ని తెచ్చి ఎదుటివాళ్ల బంటుకు అందేలా పెట్టి, ఊరికే ఇస్తున్నాను తీసుకోమన్నాడు. ముగ్గురూ ఆశపడి తీసుకున్నారు. ముగ్గురూ ఓడిపోయి చీపుర్లు పట్టారు.

నాలుగో ఏడు గరిక అనే ఉడుము నేనాడతానంది. వయసులో చిన్నది, ఆటలో అంతకన్నా చిన్నది. పావులు ఎలా నడుస్తాయో తెలుసు, అంతే. కానీ కిందటేడు ఆ జింకపిల్ల కూలిపోయిన రోజున వరుసలో దాని వెనకే నిలబడింది గరికే. అప్పటినుంచీ దానికి ఆ మడుగు నీళ్లు గొంతు దిగడం లేదు.

గరిక వెళ్లి సూదమ్మను ఆట నేర్పమని అడిగింది. ఓడిపోయినదాన్ని, నేనేం నేర్పుతానంది సూదమ్మ. "ఎక్కడ ఓడిపోయావో నీకు తెలుసు కదా అత్తా, అది చాలు" అంది గరిక.

మిట్టమధ్యాహ్నం జంభయ్య గుహలో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఆ వేళకు సూదమ్మ ఒక బండమీద ముల్లుతో గళ్లు గీసేది. తెల్లపావులకు గులకరాళ్లు, నల్లపావులకు కుంకుడు గింజలు. జంభయ్య ఎత్తులన్నీ సూదమ్మ వేసేది.

ఉడుం పట్టంటే తెలుసుగా? దొరికినదాన్ని వదలడం గరికకు చేతకాదు. ఎదురుగా బంటు కనబడగానే తినేసింది, ఓడింది. మర్నాడూ తిని ఓడింది. మూడోనాడూ అంతే. అప్పుడు దానికి ఉక్రోషం వచ్చి, ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదలాలని అడిగింది.

సూదమ్మ గళ్ల నడిమి భాగం చూపించింది. "నీ బంటు ఇక్కడ నిలబడి ఉందా? ఆ పక్కదాన్ని తినడానికి ఇది నడిమి గడి వదిలి పక్కకు పోతుంది. నడుమంతా వాడి చేతికొస్తుంది. ఆ తిన్న బంటును కాపాడుకోవడానికే నాకు సగం ఆట పట్టింది గరికా. మిగతా సగం రాజును దాచుకోవడానికి."

"మరేం చెయ్యాలి?"

"తినకు. నీ రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపి, నడిమి బంటుకు కాపు పెట్టు. అయితే ఒకటి చెబుతున్నా, విను. అలా చేస్తే నీ పావులకు చోటు ఇరుకైపోతుంది. ఏటవాలుగా నడిచే నీ శకటు ఒకటి లోపలే మూసుకుపోతుంది. చాలాసేపు ఊపిరాడనట్టుంటుంది. అది ఓర్చుకోలేకపోతే మాత్రం వద్దు, ఇంటికి పో."

గరిక ఇంటికి పోలేదు. నెల్లాళ్లు ఆ ఇరుకులోనే ఆడడం నేర్చుకుంది.

ఈ సంగతి ఎలాగో జంభయ్య చెవిన పడింది. ఆటకు ముందురోజు వాడే గరిక పుట్ట దగ్గరికి వచ్చాడు. ఆట మానుకుంటే అందరికన్నా ముందు వచ్చి తేటనీళ్లు తాగిపోవచ్చని, ఆ మాట ఎవరికీ తెలియనక్కర్లేదని మెత్తగా చెప్పాడు. గరిక నాలుక పిడచకట్టుకుని ఉంది. అయినా వద్దంది.

మర్నాడు అడవంతా మడుగు ఒడ్డున చేరింది. తగవు తీర్చడానికి ముసలి అడవిదున్న పలక పక్కన నిలబడింది. జంభయ్య తన మంత్రి ముందరి బంటును రెండు గడులు నడిపాడు. గరికా అంతే చేసింది. జంభయ్య పక్క బంటును తెచ్చి దాని బంటుకు ఏటవాలుగా, నోటికందేలా పెట్టి పళ్లికిలించాడు.

"ఊరికే ఇస్తున్నాను, తీసుకో."

గరిక గోళ్లు ఆ బంటు వైపు సాగబోయాయి. గోళ్లు ముడుచుకుంది. రాజు ముందరి బంటును ఒక్క గడి జరిపింది.

"అక్కర్లేదు" అంది.

జంభయ్య చుట్టాలు నవ్వారు. పిరికిదన్నారు. చేతికొచ్చినదాన్ని వదులుకుందేమిటని గరికవైపు వాళ్లు కూడా గొణిగారు. గరిక తలెత్తలేదు. దాని పావులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. శకటు లోపలే మూసుకుపోయింది. ఇదంతా తను బండమీద చూసిందే. అందుకని కంగారు పడలేదు.

కంగారు జంభయ్యకు పట్టుకుంది. ఎప్పుడూ ఇరవై ఎత్తుల్లో ఆట ముగించేవాడు. ఇంత పొడుగు ఆట వాడు ఆడి ఎరగడు. గోడను తోసినట్టు తోశాడు, గోడ కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది, ఆకలేసింది, తొందరపడి గుర్రాన్ని దూరంగా దూకించాడు. అదను చూసి గరిక రాజు ముందరి బంటును ఇంకో గడి నెట్టింది. ఇరుకు విడిపోయింది. మూసుకుపోయిన శకటుకు దారి తెరుచుకుంది. నాలుగు ఎత్తులు తిరిగేసరికి జంభయ్య గుర్రం పోయింది.

జంభయ్య మూతి తుడుచుకున్నాడు. ఆట ఇక్కడితో ఆపేద్దామన్నాడు. "సగం మడుగు నీకు, సగం నాకు. పెద్దమనసుతో ఇస్తున్నాను."

ఒడ్డున గుసగుసలు లేచాయి. సగమైనా దక్కుతుంది, ఒప్పుకోమంది కొండముచ్చు. అడవిపందీ అదే మాటంది. గరిక అందర్నీ ఒకసారి చూసి జంభయ్య వైపు తిరిగింది.

"సగం ఇవ్వడానికి మడుగు నీదైతే కదా. ఎత్తు వెయ్యి."

ఇంకో తొమ్మిది ఎత్తులు నడిచాయి. తొమ్మిదో ఎత్తుకు జంభయ్య రాజు గరిక పావుల దెబ్బకు అందింది, తప్పుకోవడానికి ఒక్క గడి కూడా మిగల్లేదు. ఆట కట్టిందని అడవిదున్న చెప్పింది. జంభయ్య చుట్టాలు గుర్రుమన్నారు. దున్న కొమ్ములు కిందికి వంచేసరికి మెల్లగా వెనక్కి తగ్గారు.

ఇక మడుగు గరికదే కాబట్టి ముందు నువ్వు తాగమన్నారందరూ. తాగే వంతు ఎవరు ముందొస్తే వాళ్లదని, నీళ్లలో దిగి పొర్లేవాళ్లను మాత్రం ఊరుకోనని గరిక చెప్పింది. జంతువులన్నీ బారుగా నిలబడ్డాయి. కాసేపటికి జంభయ్య తల వంచుకుని వచ్చి, తన సంగతేమిటని అడిగాడు.

గరిక బారు చివర చూపించింది. "అక్కడ నిలబడు. నీకూ దొరుకుతాయి."

వాడు వెళ్లి కుందేలు వెనక నిలబడ్డాడు.

నీతి: ఊరికే వచ్చేదాన్ని వద్దనడానికి ధైర్యం కావాలి, వద్దన్నాక వచ్చే ఇరుకును ఓర్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ ధైర్యం కావాలి.