విమానానికి ఎదురుగా కుర్చీ

మాల్యాద్రి విమానం కట్టడం పూర్తయి మూడు నెలలైంది. ఖాసిం మాస్టారు మాత్రం ఎగరెయ్యమని ఒక్క మాట అనడం లేదు. అడిగినప్పుడల్లా తోక పట్టుకుని ఊపి చూస్తారు. రెక్క కింద చెయ్యి పెట్టి ఏదో మరను వేలితో తడుముతారు. "చూద్దాంలే అబ్బాయ్" అంటారు. అంతే, ఇంటికి పోవడమే.

అదేమన్నా తిరనాళ్ళలో కొన్న బొమ్మా అంటే కాదాయె. పాతకాలం శిక్షణ విమానానికి అచ్చుగుద్దినట్టు నకలు. పైనొక రెక్క, కిందొక రెక్క, పెట్రోలు ఇంజను, ముందు చెక్క పంకా. ఈ కొస నుంచి ఆ కొసకి రెక్క నులకమంచం కన్నా పొడుగు. ఇద్దరు పడితేగాని లేవదు. మార్కాపురంలో తన ఫ్లెక్సీల షాపు రోజూ కట్టేసి ఇంటికొచ్చి, ఇంత తిని, ముందుగదిలో కూర్చుని రెండేళ్ళు చెక్కాడు మహానుభావుడు. ఆ గది వాళ్ళమ్మ ఆదెమ్మది. ఆ రెండేళ్ళూ ఆవిడ మంచం వంటింట్లోకి మారిపోయింది. "దానికి రెక్కలొస్తేగాని నాకు గది రాదు" అని నవ్వేదేగాని ఏనాడూ విసుక్కోలేదు.

ఖాసిం మాస్టారు ఎన్.సి.సి. పిల్లలకి మోడల్ విమానాలు కట్టడం నేర్పి రిటైరైన మనిషి. ఆ చుట్టుపక్కల ఇంత పెద్దవి కట్టేవాళ్ళకి ఆయన మాటే మాట. ఆయన సరే అనకుండా ఎవరూ ఎగరెయ్యరు. వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది.

చివరికి మాల్యాద్రికి ఉక్రోషం వచ్చేసింది.

"ఏం తక్కువైంది మాస్టారూ? బ్యాటరీలు రెండు పెట్టా. రేడియో సిగ్నల్ అందుకునే రిసీవర్లు రెండు. స్విచ్చులు రెండు. తోక కదిపే మోటార్లు రెండు. ఒకటి చచ్చినా ఇంకోటి ఉంటది. ఇంకేం కావాలో చెప్పండి, అది కూడా రెండు పెడతా."

మాస్టారు నవ్వలేదు.

"ఆదివారం దొనకొండ తీసుకురా" అన్నారు. "ఓ తాడు, ఇనపమేకు, సుత్తి కూడా తెచ్చుకో."

దొనకొండలో తెల్లవాళ్ళ కాలం నాటి విమానాల మైదానం ఉంది. పొద్దున్నే వచ్చేశాడు మాల్యాద్రి, అమ్మని కూడా వెంటబెట్టుకుని. ఆవిడ చూడకుండా మొదటిసారి ఎగరడమేంటి? కాకపోతే ఆవిడకి దూరం చూపు ఆనదు. పాపం ఎక్కడో చివర కూర్చుంటే ఏం కనపడుతుందని, విమానం ముక్కుకి సూటిగా, నాలుగు బారల దూరంలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ఆవిడ దాని మీద తన తువ్వాలు పరుచుకుని, పెళ్ళిపందిట్లో కూర్చున్నంత సంబరంగా కూర్చుంది.

"తోకకి తాడు కట్టు" అన్నారు మాస్టారు. "మేకు వెనక దిగ్గొట్టు."

మాల్యాద్రికి తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళు ముస్తాబు చేసిన విమానాన్ని బర్రెగొడ్డులా కట్టేయమంటాడేంటి ఈయన? వీడియో తీసుకుందామనుకున్నాడు కూడాను. ఎదురు చెప్పలేక, మేకు మీద తూతూమంత్రంగా నాలుగు దెబ్బలేసి తాడు ముడేశాడు.

మాస్టారు ఆదెమ్మ దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, లేచి నాతో ఇలా వెనక్కి రండి."

"అక్కడైతేనే అమ్మకి కనపడుద్ది మాస్టారూ" అన్నాడు మాల్యాద్రి. "తాడు కట్టాంగా."

"తాడు కట్టింది నువ్వేగా" అన్నారాయన.

ఆ మాట చురుక్కున తగిలింది. ఆదెమ్మ మాత్రం మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "పెద్దాయన చెప్తున్నాడుగా, పోనీలేరా" అంటూ వచ్చి, తోకకి బాగా వెనగ్గా మాస్టారి పక్కన నిలబడింది. కుర్చీ అక్కడే ఉండిపోయింది, తువ్వాలుతో సహా.

మాల్యాద్రి మొహం ముడుచుకునే పంకా తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. చకచకా వెనక్కొచ్చి, విమానాన్ని దూరం నుంచి నడిపే రేడియో చేతిలోకి తీసుకున్నాడు. ఇటు మీట కదిపితే అటు తోక కదిలింది. ఇంకో మీట కదిపితే రెక్కలు అంచులు ఆడించాయి. ఇంజను నెమ్మదిగా, ఒకే తీరున తిరుగుతోంది. వాడి మొహంలోకి మళ్ళీ వెలుగొచ్చింది. ఇప్పుడేమంటారు అన్నట్టు మాస్టారి వంక చూశాడు.

"బాగుంది. ఏదీ, ఇలా ఇవ్వు" అని మాస్టారు రేడియో అందుకున్నారు. అందుకుని, స్విచ్ ఆపేశారు.

రేడియో ఆగిపోతే ఏం కావాలి? సిగ్నల్ పోయిందని విమానానికి తెలియాలి. తెలిసి, ముందే నేర్పిపెట్టిన ప్రకారం ఇంజను తనంతట తనే నెమ్మదించాలి. మాల్యాద్రి ఆ పాఠం నేర్పాడు. రిసీవర్లు బిగించిన రోజే నేర్పాడు. అందుకే మాస్టారు స్విచ్ ఆపినా వాడికి భయం వెయ్యలేదు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత ఇంజను గొంతు చించుకుంది. తగ్గలేదు, పెరిగింది. ఉన్న బలమంతా పెట్టి పెరిగింది. తాడు బిగిసింది. మేకు వదులు పన్నులా ఊడొచ్చింది. విమానం ఆ తాడునీ మేకునీ ఈడ్చుకుంటూ, సూటిగా కుర్చీ మీదికి పోయింది.

మాస్టారు స్విచ్ మళ్ళీ నొక్కారు. రేడియో తెర వెలిగేలోపే అంతా అయిపోయింది.

పెద్ద చప్పుడు. ఎర్ర ముక్కలు పైకి లేచాయి. ఒక ముక్క వీళ్ళ కాళ్ళ దగ్గర దాకా వచ్చి పడింది. ఇంజను ఆగిపోయింది. కుర్చీ ఉన్నచోట రెండు కాళ్ళు మిగిలాయి. విరిగిన పంకాకి ఆదెమ్మ తువ్వాలు గట్టిగా చుట్టుకుపోయి ఉంది.

అమ్మ తన వెనకే ఉందని మాల్యాద్రికి తెలుసు. అయినా వాడి కళ్ళు ఆ కుర్చీ ఉన్నచోటే వెతుకుతున్నాయి.

"నా తువ్వాల్రా" అంది ఆదెమ్మ.

ఖాసిం మాస్టారు ఉన్నచోటే నేల మీద కూలబడ్డారు. "మేకు నేను లాగి చూసుండాల్సింది" అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే. అంత పెద్దమనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

కాసేపటికి మాల్యాద్రి కాళ్ళీడ్చుకుంటూ విమానం దగ్గరికి వెళ్ళాడు. ముందు స్విచ్చులు రెండూ ఆపాడు. తర్వాత ముక్కు మీది మూత తీసి లోపలికి చూశాడు. ఇంజను వేగం పెంచి తగ్గించే చిన్న మోటారు కనపడింది. అప్పుడు తట్టింది.

రంగులేసే రోజుల్లో ఆ మోటారు కమ్మీ మూతలోంచి కాస్త బయటికి కనపడేది. అసలు విమానానికి అలాంటి కమ్మీ లేదు. అచ్చం దానిలాగే ఉండాలిగా మరి, అందుకని మోటారుని తిరగేసి బిగించాడు. కమ్మీ దాగింది. కానీ మోటారు తిరగాల్సినవైపు కాక అవతలివైపు తిరగడం మొదలెట్టింది. అదెంత పని? రేడియోలో ఒక్క బటన్ నొక్కి దిక్కు మార్చేశాడు. మీట దించితే ఇంజను తగ్గింది, ఎత్తితే పెరిగింది. అంతా సరిపోయిందనుకున్నాడు.

రేడియోకి చెప్పాడు. విమానానికి చెప్పలేదు. అది మాత్రం మొదటి రోజు పాఠాన్నే గుర్తుపెట్టుకుంది. మోటారు ఏ కొసకి తిరిగితే ఆ రోజు ఇంజను తగ్గేదో, ఈ రోజు అదే కొసకి తిరిగితే బాగా పెరుగుతుంది. రెండు రిసీవర్లూ ఆ తప్పు పాఠాన్నే పొల్లుపోకుండా అప్పజెప్పాయి.

వెనక్కి వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"తెలీదు" అన్నారాయన. "తెలిస్తే తాడెందుకు?"

మాస్టారు ఆదెమ్మ వైపు చూశారు. ఆవిడ ఒక ఎర్ర ముక్క చేతిలోకి తీసుకుని, అంచు ఎంత పదునుగా ఉందో వేలితో చూస్తోంది.

"అన్నీ రెండేసి పెట్టావు కదా అబ్బాయ్" అన్నారు మాస్టారు మెల్లగా. "అమ్మల్ని ఎంతమందిని తెచ్చావు?"

మాల్యాద్రి వెళ్ళి విమానం ముందు కూర్చుని, పంకాకి చుట్టుకున్న తువ్వాలు విప్పసాగాడు. అది చాలాసేపటికిగాని ఊడిరాలేదు.